అందరికీ వచ్చిన నోటీసు

బడంగ్‌పేట్,
8 నవంబరు 1996.

చెల్లెలు కౌసల్యకు,

మీరంతా బాగున్నారని తలుస్తాను. మేము బాగున్నామని రాస్తే నువ్వు నమ్మవు కనుక, ఉన్నామని రాస్తున్నాను.

పోయిన శుక్రవారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో మేం నలుగురం తొండుపల్లి నుంచి వచ్చేసినప్పుడు నీ గుమ్మం ముందు ఆగలేదు. ఆగితే ఏడుస్తాను. ఏడిస్తే జనం చేరతారు. చేరిన వాళ్ళందరికీ మా ఆయన బాకీ. ఇక్కడ మా మరిది ఇంటి మేడ మీద రెండు గదుల్లో దిగాం. కాలనీ కొత్తది. రోడ్డు ఇంకా పడలేదు కానీ, రోడ్డుకి పేరు మాత్రం పెట్టేశారు.

కోళ్ల రావు పారిపోయాడని మా ఆయన గురించి ఊళ్ళో అనుకుంటూ ఉంటారు. పారిపోలేదు, ఐ.పి. పెట్టారు. అంటే ఏమిటో నీకు చెబుతాను, నువ్వు అందరికీ చెప్పు. కొక్కెర తెగులుకి కోళ్లు పోయాక మాకున్నదాని కంటే బాకీలు ఎక్కువయ్యాయి. ఇక తీర్చలేననుకున్న మనిషి తనంతట తానే కోర్టుకు వెళ్లి, "ఇదీ నా ఆస్తి, వీళ్ళంతా నాకు అప్పిచ్చినవాళ్ళు, పంచండి" అని అప్పజెప్పడమే ఐ.పి. కోర్టు అన్నీ అమ్మి ఎవరి వాటా వాళ్ళకి ఇస్తుంది. మిగతా బాకీ కొట్టేస్తారు.

అప్పులవాళ్ళ జాబితా రాసింది నేనే. లాయరు రామచంద్రయ్య గారు పెద్ద బాకీలు ఒక పదో పన్నెండో రాస్తే చాలన్నారు. బాకీల్లో పెద్దేమిటి, చిన్నేమిటి? మీ ఆయన దగ్గర కొన్న మొక్కజొన్నలు, చంద్రమ్మ పాలు, జంగయ్య తోలిన ఊక, పంక్చరు దుకాణం, చివరికి మా ఆయన పోస్ట్‌మ్యాన్ శంకరయ్య దగ్గర తీసుకున్న కవర్ల తాలూకు పన్నెండు రూపాయలు కూడా రాశాను. లాయరు గారు కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మా, ఈ పన్నెండు రూపాయల మనిషికి రిజిస్టరు నోటీసు పంపడానికి అంతకంటే ఎక్కువవుతుంది" అన్నారు. బాకీ బాకీయేనన్నాను. కనుక ఊళ్ళో చాలామందికి కోర్టు నుంచి రిజిస్టరు పోస్టు వస్తుంది. భయపడకుండా తీసుకోమని చెప్పు.

ఇంకో సంగతి. మా ఆయనకు ఆఫ్రికాలో, జాంబియా దేశంలో, లుసాకా అనే ఊళ్ళో ఉద్యోగం కుదిరింది. ఒక గుజరాతీ ఆయన కోళ్ల ఫారానికి మేనేజరు. నలుగురి టిక్కెట్లూ వాళ్ళే ఇస్తారు. జనవరి పదో తేదీకి చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఐ.పి. పెట్టిన మనిషి కోర్టు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. డిసెంబరు ఇరవైన విచారణ. అప్పులవాళ్ళలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆగిపోవచ్చునట. ఈ ఉద్యోగం పోతే కార్తీక్, కీర్తనల చదువు మాట అటుంచి, ఈ మేడ మీద ఎన్నాళ్ళు ఉండనిస్తారో తెలియదు.

ఇచ్చిపుచ్చుకున్న సంగతులు ఉత్తరాల్లో ఎవరికీ రాయవద్దని లాయరు గారు గట్టిగా చెప్పారు. అందుకే కొన్ని రాయడం లేదు. నువ్వు తెలివైనదానివి. నేను నేర్పిన అక్షరాలతో జవాబు రాయి.

వేదవతి


తొండుపల్లి,
నవంబరు 25.

వేదక్కా,

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన. ఒకసారి నా కోసం, ఒకసారి గట్టిగ వాడకందరికి. సారు పారిపోలే, కోర్టుకు పోయిండు అని చెప్పిన. "రెండిట్ల మనకేది నయం?" అని జంగయ్య అడిగిండు.

నోటీసులు వచ్చినయ్. శంకరయ్య సంచి నింపుకొని వచ్చిండు. పెండ్లి పత్రికలు గూడ మా ఊర్ల గిట్ల పంచంగ చూడలే. మా ఆయన ఏలుముద్ర ఏసి తీసుకొని ట్రంకుల పెట్టిండు. సుట్టాలొస్తే తీసి చూపెడుతుండు, "కోర్టు నాకు రాసింది" అంటుండు. చంద్రమ్మది, జంగయ్యది నేనే చదివి చెప్పిన. శంకరయ్య తన నోటీసు తానే తెచ్చుకొని, తానే ఇచ్చుకొని, తానే సంతకం పెట్టుకున్నడు.

నేను పొద్దుగాల్నే తలకు పోసుకొని, నువ్విచ్చిన నీలం పెన్ను పట్టుకొని అరుగు మీద కూసున్న. అక్కా, నాకు బుద్ధి తెలిసిన సంది ఏడ చూసినా ఏలుముద్రే. రేషన్ దుకాణంల ఏలుముద్ర, భూమి కాయిదం మీద ఏలుముద్ర. నీ షెడ్డు వరండల కూసొని సంతకం నేర్చినంక ఒక్క కాయిదం రాలే. ఇప్పుడు కోర్టుదే వస్తది, శంకరయ్య ఇంకు డబ్బి తీస్తే "పక్కకు పెట్టు" అనాలె అని ముందటి దినం నుంచి అనుకుంటున్న.

శంకరయ్య సంచి బోర్లించిండు. "నీకు లేదు కౌసల్యమ్మా" అన్నడు. మల్ల చూడమన్న. చూసిండు. లేదు.

పంక్చరు దుకాణపోనికి వచ్చింది. పన్నెండు రూపాయల శంకరయ్యకు వచ్చింది. దాణాకు పైసల్లేవని నువ్వు కండ్లనీళ్లు పెట్టుకుంటే మా అవ్వ పెట్టిన గాజులు రెండు తీసి నీ చేతిల పెట్టిన. నాకు రాలే. మర్చిపోయినవేమో అనుకుందామంటే నువ్వు మర్చిపోయే మనిషివి కాదు. చెంచెడు ఇంగువ బదులు తీసుకున్నా రాసుకుంటవ్.

మీ ఫారం జప్తు చేసిన కోర్టు అమీనా ఆడనే కాపల ఉన్నడు. మంచాయన. ఒక కోడి చస్తే పంచనామ రాయాలని మా ఆయనను సాక్షికి పిలిచిండు. కోళ్లు జప్తయినయ్ గని, జప్తయినంక పెట్టిన గుడ్లు జప్తుల ఉన్నట్టా లేనట్టా ఆయనకు తెల్వదంట. ముట్టుతలేడు. గుడ్లు గుట్టలు పడ్డయ్.

నా పేరు ఏది అక్కా?

కౌసల్య


బడంగ్‌పేట్,
డిసెంబరు 2.

చెల్లెలు కౌసల్యకు,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. కోపంలో కూడా వరస తప్పలేదు, సంతోషం.

ఆ జాబితాలో పేరు ఉండడం సన్మానం కాదు. నీ పేరు లేకపోవడం మరపూ కాదు. ఇంతకంటే విప్పి రాయకూడదు. అందుకని ఒక చిన్న కథ చెబుతాను, శ్రద్ధగా చదువు.

ఒకావిడ దగ్గర ఇంకొకరి పసుపురంగు కోళ్లు రెండు ఉన్నాయి. వాటిని వేరే వాళ్ళ గూట్లో దాచింది. గూటి కిరాయి నెలనెలా పెరుగుతోంది. వాటిని కోర్టువారి కోళ్లలో కలిపిందా, అన్నిటితో పాటు అమ్మేసి, ఎవరికి వచ్చిన ఈకలు వాళ్ళకి పంచుతారు. కలపకుండా ఉంటే, కాస్త ఆలస్యమైనా రెండూ క్షేమంగా ఇంటికి వస్తాయి.

నిదానంగా ఆలోచించు. ఇక ఈ విషయం మళ్ళీ ఎత్తవద్దు.

వేదవతి


తొండుపల్లి,
డిసెంబరు 9.

వేదక్కా,

కోళ్ల కథ నాకు సమజ్ కాలే. మా ఆయనను అడిగిన. "సారు కాడ పసుపు కోళ్లు ఏడియి, అన్ని తెల్లయే గద" అన్నడు. నీకు పరేషాన్‌ల మతి జర అటిటు అయిందేమో అని భయమైంది. మంచిది కదాని అమీనాకు గూడ చెప్పిన, ఏడనో రెండు పసుపు కోళ్లు దాచిపెట్టిన్రంట, లెక్కల తక్కువైతే నీ మీదికొస్తది అని. ఆయన గాబరపడి పొద్దుమూకే దాక మల్ల అన్ని లెక్కబెట్టిండు. తర్వాత కాయిదం మీద ఏదో రాసుకున్నడు.

నా ముచ్చట వేరే ఉన్నది. బోరింగు కాడ చంద్రమ్మ పదిమందిల అన్నది, "గాజులిచ్చిన గాజులిచ్చిన అంటివి, మరి నోటీసేది? ఏడనో పోగొట్టుకొని పాపం సారు మీద పెడుతున్నవా?" అని. పాల బాకీ మూడు వందల నలభై దానిది. నన్నన్నది. బిందె ఆడనే ఇడిచిపెట్టి వచ్చిన.

నిన్న శంషాబాద్ పోయి ఒక వకీలును పట్టుకున్న. నా పేరు జాబితాల ఎక్కియ్యాలె అని దరఖాస్తు పెట్టిన. పేరు ఎక్కేదాక సారును దేశం దాటనియ్యొద్దు అని వకీలు కింద ఒక వాక్యం కలిపిండు. అదెందుకంటే, "ఊకె అడిగితే ఎవరింటరు, జర బెదిరియ్యాలె" అన్నడు. సంతకం మాత్రం నేనే పెట్టిన. మొత్తం పేరు, కొమ్ములు ఒత్తులు పోకుండ. వకీలు నిజంగ నువ్వే పెట్టినవా అని రెండుసార్లు అడిగిండు.

కౌసల్య


బడంగ్‌పేట్,
డిసెంబరు 16.

కౌసల్యా,

మా ఆస్తి అమ్మి పంచడానికి కోర్టు పెట్టిన రిసీవరు గారి దగ్గర నుంచి నిన్న మా ఆయనకు కాగితం వచ్చింది. దాచిపెట్టిన పసుపురంగు కోళ్లు రెండింటినీ వెంటనే హాజరుపరచాలట. ఆయన ఆ కాగితం చదివి నా వైపు చూశారు. నేను పప్పులో పోపు వేస్తున్నట్టు నటించాను. పోపు అప్పటికే వేశాను.

ఇక కథలు చెప్పను. లాయరు గారు వద్దన్నా రాస్తున్నాను. చదివి చించెయ్యి.

ఐ.పి. మా ఆయనది. గాజులు తీసుకున్నది నేను. శంషాబాద్‌లో తాకట్టు పెట్టింది నా పేరున. పదిహేను వేలు, రెండు రూపాయల వడ్డీ. దాణా ఎలా వచ్చిందని ఆయన అడిగితే, ఏర్పాటు చేశానన్నాను. కనుక ఆ అప్పు నాది, ఆయన జాబితాలో రాయకపోవడం అబద్ధం కాదు. ఇదంతా బయటకు చెప్పవద్దని లాయరు గారు ఎందుకన్నారంటే, భార్య ఎవరి బంగారమో తాకట్టు పెట్టిందని తెలిస్తే మిగతావాళ్ళు "ఇంకా ఎక్కడ ఏం దాచారు" అని మొదలుపెడతారట.

జాబితాలోకి ఎక్కితే నీకు వచ్చేది వాటా. ఎంతని లాయరు గారిని అడిగాను. రూపాయికి ఆరు పైసలు రావచ్చన్నారు. మిగతా తొంభై నాలుగు పైసలూ కోర్టు కొట్టేస్తుంది. మీ అమ్మ పెట్టిన గాజుల్లో ఆరు పైసల వంతు ముక్క ఏం చేసుకుంటావు? ఊరందరినీ రాసి నిన్ను రాయకపోవడం నిన్ను వదిలెయ్యడం కాదు, పక్కన పెట్టుకోవడం. నీకు పూర్తిగా ఇవ్వాలనే ఆ పని చేశాను. చెబితే సరిపోయేది. చెప్పకూడదన్నారు, చెప్పలేదు.

ఇరవయ్యో తేదీ లోపల ఆ దరఖాస్తు వెనక్కి తీసుకో. పిల్లల్ని బడి మాన్పించేశాం. కీర్తన రోజూ అట్లాసు తెరిచి లుసాకా ఎక్కడుందో చూసి మళ్ళీ మూస్తోంది. నేను కోర్టుకు రాలేను. నన్ను చూస్తే అప్పులవాళ్ళు చుట్టుముడతారని లాయరు గారు ఇంట్లోనే ఉండమన్నారు. అంతా నీ చేతిలో ఉంది.

వేదవతి


తొండుపల్లి,
డిసెంబరు 22.

వేదక్కా,

సారు ఇంటికొచ్చి ఏం చెప్పిండో తెల్వది. ఆయన ఊ, ఆ తప్ప ఎక్కువ మాట్లాడడు గనక మొత్తం నేనే రాస్తున్న.

జంగయ్య ట్రాక్టరు కట్టిండు. నోటీసులొచ్చినోళ్లంత నోటీసులు పట్టుకొని లగ్గానికి పోయినట్టు ఎక్కిన్రు. నా చేతిల సద్ది డబ్బ ఒక్కటే ఉండె.

ముందుగాల కోళ్ల ముచ్చట వచ్చింది. రెండు పసుపు కోళ్లు దాచిన్రని రిసీవరు లేచి చెప్పిండు. సారు మొఖం చూడాల్సింది. "నా జన్మలో పసుపురంగు కోడిని పెంచలేదండీ" అన్నడు. జడ్జి సారు "ఆ కోళ్లను ఎవరు చూశారు?" అని అడిగిండు. అమీనా నా దిక్కు చూపెట్టిండు. నేను లేచిన.

"నేను చూడలే సార్. ఉత్తరంల చదివిన."

"ఎవరి ఉత్తరం?"

"మా అక్కది. పరేషాన్‌ల ఏదో రాసింది. ఇడిచిపెట్టున్రి."

కోర్టంత నవ్వింది. కోళ్ల కాయిదం జడ్జి సారు పక్కకు పడేసిండు. తర్వాత నా దరఖాస్తు తీసిండు.

"అమ్మా, ఈయన విదేశం వెళ్లడానికి నీకు అభ్యంతరమా?"

"నాకెందుకు సార్? ఈడ కూసుంటే ఏమన్న గుడ్లు పెడతడా?"

"మరి వెళ్లనివ్వొద్దని ఇందులో ఉందే."

"అది మా వకీలు సారు వాక్యం. నాది పై వాక్యం ఒక్కటే."

"అయితే నీకేం కావాలి?"

"నోటీసు సార్. ఊరందరికి వచ్చింది. పంక్చరు దుకాణపోనికి వచ్చింది. నోటీసులు తెచ్చినాయనకు గూడ వచ్చింది. నాకు రాలే."

"వస్తే ఏం చేస్తావు?"

"సంతకం పెడత."

జడ్జి సారు కళ్ళద్దాలు తీసిండు. గుమాస్తాను పిలిచి అప్పటికప్పుడు నోటీసు టైపు కొట్టిచ్చిండు. గుమాస్తా అలవాటుగ ఇంకు డబ్బి నా ముందటికి జరిపిండు. "పక్కకు పెట్టు" అన్న. ఇన్ని దినాలు దాచుకున్న మాట గద, జర గట్టిగనే వచ్చింది. తీరా చూస్తే నా నీలం పెన్ను ట్రాక్టరుల పడిపోయింది. అప్పుడు సారు లేచి వచ్చి తన జేబుల పెన్ను తీసి నాకిచ్చిండు. నేను మెల్లగ, మొత్తం పేరు పెట్టిన. జడ్జి సారు అది చూసి, సారు పోవచ్చునని గప్పుడే రాసిండు.

ఇంటికొచ్చినంక శంకరయ్య నీ ఉత్తరం ఇచ్చిండు. ఆయన గూడ మా తోని కోర్టుకొచ్చె గద, పొద్దుగాల పోస్టు పంచలే. మా ఆయనకు గూడ చదివి ఇనిపిచ్చిన. "నా మక్కలకు ఆరు పైసలే, నీ గాజులకు ఆరు పైసలే, ఇద్దరికి ఒకటే రేటు" అని మా ఆయన సంబరపడ్డడు. ఆయనకు రాత్రి అన్నం పెట్టలే.

నా చేతులతోని నేనే చేసుకున్న అక్కా. ఉత్తరం చించమన్నవ్, చించలే. పక్కన పెట్టుకున్న అని నువ్వు రాసిన కాడ మడత పెట్టి ట్రంకుల దాచిన. గాజులు ఇగ రానట్టేనా?

కౌసల్య


బడంగ్‌పేట్,
3 జనవరి 1997.

కౌసల్యా,

మా ఆయన ఆ రోజు ఇంటికి వచ్చి, "అనుమతి వచ్చింది, పెన్ను పోయింది" అన్నారు. అంతే. మిగతాదంతా నీ ఉత్తరంలో చదివాను. చదివి నవ్వాను, తర్వాత కాసేపు నవ్వలేదు. పెన్ను నువ్వే ఉంచుకో.

మంగళవారం బేగంపేట నుంచి బొంబాయి, అక్కడి నుంచి నైరోబి మీదుగా వెళ్తాం.

గాజుల సంగతి అడిగావు. కోర్టు రాసుకున్నది మా ఆయన బాకీలు. నా మాట నా దగ్గరే ఉంది, దాన్ని ఎవరూ జప్తు చెయ్యలేదు.

వేదవతి


లుసాకా,
18 మే 1997.

చెల్లెలు కౌసల్యకు,

ఉత్తరం ఆలస్యమైంది. ఇక్కడి ధరలు అర్థమయ్యేదాకా ఏం రాసినా తప్పవుతుందని ఆగాను.

ఇక్కడి డబ్బును క్వాచా అంటారు. మన రూపాయికి ముప్పై ఆరు. మా ఆయన మొదటి నెల జీతం ఆరు లక్షలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఐ.పి. పెట్టిన మూడు నెలలకే లక్షాధికారులమయ్యాం. మర్నాడు బజారుకు వెళ్లి కూరలూ పప్పూ నూనే తెస్తే నలభై వేలు అయింది. ఇంటికొచ్చి చెప్పు విప్పకుండా అలాగే కూర్చుండిపోయాను. కీర్తన రూపాయల్లోకి మార్చి చూపించాక లేచి వంట చేశాను.

ఊరు బాగుంది. చలి కూడా ఉంది. మన వేసవిలో వీళ్ళకి చలికాలం. ఇక్కడివాళ్ళు మొక్కజొన్న పిండిని సంకటిలా ఉడికించి రెండు పూటలా తింటారు. మీ ఆయన ఐలయ్య గారికి చెప్పు, ఆయన మొక్కజొన్నలకు ఇక్కడైతే ఎంతో గౌరవం. కార్తీక్ ఆ సంకటికి అలవాటుపడిపోయి నా అన్నానికి వంకలు పెడుతున్నాడు.

ఫారంలో కోళ్లలో సగం గోధుమవన్నెవి. ఎండ పడితే పసుపుగానే కనిపిస్తాయి. మా ఆయన వాటిని చూసినప్పుడల్లా నా వైపు చూస్తారు. ఇంతవరకు ఏమీ అడగలేదు.

నేను జంతికలు చేసి ఫారం యజమాని భార్యకు ఇచ్చాను. ఆవిడకు కిరాణా కొట్టు ఉంది. ఇప్పుడు వారానికి రెండు డబ్బాలు కొట్టుకు వేస్తున్నాను. ఆ డబ్బు వేరే డబ్బాలో పెడుతున్నాను. ఆయన జీతం అందులోకి రాదు. ఇల్లు గడవడానికి అందులోంచి తియ్యను కూడా. ఒకసారి గ్యాసుకు తక్కువై తీశాను, మర్నాడే పెట్టేశాను. ఆ డబ్బా దేనికో నీకు తెలుసు. ఇప్పుడు కథలు చెప్పవలసిన పని లేదు కాని, నాకు విప్పి రాసే అలవాటు తప్పింది.

వేదవతి


తొండుపల్లి,
12 అక్టోబరు 1997.

వేదక్కా,

కోర్టు పైసలొచ్చినయ్. మీ షెడ్ల రేకులు, కోళ్లు అన్ని వేలమైనయ్. నువ్వు రాసినట్టే ఆరు పైసలు. నాకు తొమ్మిది వందలు వచ్చినయ్. చంద్రమ్మకు ఇరవై రూపాయల నలభై పైసలు. తీసుకొనికి పోవడానికి బస్సు కిరాయి అంతకెక్కువైంది. శంకరయ్యకు డెబ్బై రెండు పైసలు రాసిన్రంట, ఆయన తెచ్చుకొనికి పోలే.

నేను పోయిన. సంతకం పెట్టినంక అక్కడి గుమాస్తా నన్ను గుర్తుపట్టి కుర్చీ ఏసిండు. "ఇంకు డబ్బి పక్కకు పెట్టిచ్చిన అమ్మ" అని ఇంకొకాయనకు చెప్పిండు.

ఆ తొమ్మిది వందలతోని సూడి మేకను కొన్న. దానికి కోర్టు అని పేరు పెట్టిన. కోర్టు ఈనింది, రెండు పిల్లలు. ఒకదాని పేరు రావు. రెండోది ఎప్పుడు పాలకు పిలిచినా మల్ల వస్తనన్నట్టు ఎనక్కి ఉరుకుతది, దాని పేరు వాయిదా. వకీలు సారు మొన్న ఈ దిక్కు వచ్చి, "వాయిదా, ఇటు రా" అని నేను పిలుస్తుంటే ఉలిక్కిపడ్డడు.

చేతులు ఇంక బోసిగనే ఉన్నయ్. అడుగుతలేను. ఊకె రాస్తున్న.

కౌసల్య


లుసాకా,
8 ఫిబ్రవరి 1998.

చెల్లెలు కౌసల్యకు,

దీంతో పాటు బ్యాంకు డ్రాఫ్టు, శంషాబాద్ తాకట్టు చీటీ ఉన్నాయి. రెండూ జాగ్రత్త. డ్రాఫ్టు నీ పేరున తీశాను. శంషాబాద్ బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వేసుకో. ఖాతా తెరవడానికి సంతకం చాలు.

లెక్క ఇది. అసలు పదిహేను వేలు. పద్దెనిమిది నెలల వడ్డీ ఐదు వేల నాలుగు వందలు. అందులో కోర్టు నీకు ఇచ్చిన తొమ్మిది వందలు తీసేస్తే పందొమ్మిది వేల ఐదు వందలు. డ్రాఫ్టు అంతకే ఉంది. ఒకే బాకీ రెండుసార్లు తీర్చడం లెక్కకు సరిపోదు. అపార్థం చేసుకోకు.

అంతా జంతికల డబ్బే. మా ఆయన డ్రాఫ్టు చూసి, "ఇదెందుకు?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాను. ఆయన "ఆ పసుపు కోళ్లు ఇవా?" అన్నారు.

డబ్బా ఖాళీ అయింది. ఇక చంద్రమ్మ పాలబాకీ మొదలుపెడతాను. ఆ పాలు మా పిల్లలే తాగారు. ఆవిడకు ఇప్పుడే చెప్పకు.

కవరు రిజిస్టరులో పంపాను. నువ్వు తీసుకున్నట్టు సంతకం చేసిన కార్డు నాకు వెనక్కి వస్తుంది. దాని కోసం చూస్తాను.

వేదవతి


తొండుపల్లి,
15 మార్చి 1998.

వేదక్కా,

కవరు వచ్చింది. దాని మీద పిట్టల బొమ్మల స్టాంపులు చూసి శంకరయ్య ఊరంత తిప్పి ఆఖరికి నాకు తెచ్చిండు. ఇంకు డబ్బి తేలే. తన పెన్ను మూత తీసి పట్టుకొచ్చిండు. నా పెన్ను నాకున్నదని సారు పెన్నుతోని పెట్టిన. కార్డు నీకు ముట్టే ఉంటది.

బ్యాంకుల ఖాతా అయింది. తాకట్టు దుకాణంల సేటు ఇరవై వేల నాలుగు వందలన్నడు. నా కాడ పందొమ్మిదిన్నర. నీ లెక్క నాకు సమజైంది గని సేటుకు కాలే. కోర్టు ఇచ్చిన తొమ్మిది వందలు ఇదిగో అని మేకను చూపెట్టలేను గద. ఇంటికొచ్చి వాయిదాను, రావును అమ్మిన. రావుకు మంచి రేటు వచ్చింది, సారుకు చెప్పు. వాయిదాను కొన్నాయన మూడు దినాల సంది దాన్ని పట్టుకొనికి మా ఇంటి సుట్టు తిరుగుతుండు. అక్కా, నువ్వు లెక్క తప్పవు, గది తెలుసు. అయినా తొమ్మిది వందలు కోసినవ్ చూడు, గది నేను మర్వ.

గాజులు చేతికేసుకొని సీదా బోరింగు కాడికి పోయిన. నీళ్లు అవసరం లేకుండె. చంద్రమ్మ నా చెయ్యి పట్టుకొని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "పోగొట్టుకున్న అంటివి గద" అన్న. "నేనెప్పుడన్న?" అన్నది. పాలబాకీ సంగతి చెప్పలే. జర ఆగనియ్యి.

మీ షెడ్లు ఉన్న కాడ ఎవరో మూడు కాళ్ల కర్ర పెట్టి భూమి కొలుస్తున్నరు. ఈడ విమానాలు దిగుతయంట. "ఈడ బస్సే సక్కగ ఆగదు" అని మా ఆయన వాళ్ళతోని లొల్లి పెట్టుకున్నడు. నిజంగ దిగితే మంచిదే. మీరు వచ్చిన్నాడు నేను బేగంపేట దాక రాను, అరుగు మీదికెల్లే చూస్త.

సారు మల్ల ఈ దిక్కు వచ్చి కోళ్లు పెడితే దాణాకు బ్యాంకుల ఎంట తిరగొద్దు. గాజులున్నయ్, నన్నడుగున్రి. గని ఒక్క మాట. మల్ల ఐ.పి. పెట్టాల్సొస్తే, జాబితాల అందరికంటె ముందు నా పేరు రాయి.

నీ చెల్లె,
కౌసల్య